లింకు ఎవరి చేతిలో ఉంది? నొక్కి చదివే కథల మీద కొన్ని ప్రశ్నలు

ఈ మధ్య మేము ఒక కథ చదివాం. చదివాం అనేకంటే నొక్కాం అనాలి. రాసింది ఆళ్లగడ్డ అవతల ఒక పల్లె నుంచి నంద్యాలకు బ్యాంకు పరీక్షల కోచింగుకి వచ్చిన కుర్రవాడు. కథ రూము వెతుక్కోవడం గురించి. దానికింకా పేరు పెట్టలేదు. అచ్చులో రాలేదు, రావడానికి వీలు కూడా లేదు. ఎందుకంటే అది కాగితం మీద నిలబడే కథ కాదు. తెర మీద నాలుగైదు వాక్యాలు కనిపిస్తాయి. వాటిలో ఒకటో రెండో మాటలు వేరే రంగులో ఉంటాయి. ఒక మాట మీద వేలు పెడితే కథ అటు పోతుంది, ఇంకో మాట మీద పెడితే ఇంకోవైపు పోతుంది. ఇంగ్లీషులో దీన్ని ఇంటరాక్టివ్ ఫిక్షన్ అంటున్నారు. మా దగ్గరికి వచ్చే పిల్లలు 'నొక్కుడు కథ' అంటున్నారు. మేమూ ఆ మాటే వాడతాం.

ఈ వ్యాసం రాస్తున్నామని చెప్తే ఒక మిత్రుడు నవ్వాడు. ఊళ్ళో శ్మశానానికి దారి లేక కొట్లాడుతుంటే కంప్యూటర్ ఆటల మీద విమర్శ ఏమిటప్పా అన్నాడు. ఆ ప్రశ్నని తీసిపారెయ్యలేం. అయితే కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత దళిత సాహిత్య విమర్శ కొన్ని మొండి ప్రశ్నలు అడగడం నేర్చుకుంది. ఎవరు రాశారు, ఎవరి గురించి రాశారు, ఎవరి నోటితో రాశారు అని. వాటి పక్కన ఇప్పుడు ఇంకొకటి చేర్చక తప్పదు. రాసే పనిముట్టుని ఎవరు చేశారు, అది ఏ అలవాటుని ముందే మన చేతిలో పెడుతోంది? కలం కాగితం విషయంలో ఈ ప్రశ్న అంతగా తగల్లేదు. కథ నడకనే తేల్చే సాఫ్ట్‌వేర్ విషయంలో తగులుతుంది. ముఖ్యంగా ఏ మాటని పాఠకుడు ముట్టుకోవచ్చు, ఏ మాటని ముట్టుకోకూడదు అని నిర్ణయించే చోట. ముట్టుకోవడం అనే మాటని మనం ఊరికే వాడలేం గదా.

మొదట ఈ కథల పుట్టుక గురించి కొంచెం చెప్పాలి. అమెరికాలో 1976 ప్రాంతంలో విల్ క్రౌథర్, డాన్ వుడ్స్ అనే ఇద్దరు చేసిన 'అడ్వెంచర్', ఆ తర్వాత వచ్చిన 'జోర్క్' వంటివి లింకులతో నడిచేవి కావు. పాఠకుడు ఆజ్ఞని టైపు చెయ్యాలి. తలుపు తెరువు, దీపం తీసుకో, ఉత్తరానికి పో, ఇట్లా. అదీ ఇంగ్లీషులో, యంత్రానికి తెలిసిన క్రియలతో. వేరే మాట టైపు చేస్తే నీ మాట నాకు అర్థం కాలేదు అంటుంది. యంత్రం తప్పు అని ఎవరూ అనుకోరు, సరైన మాట నాకే తెలియలేదేమో అని పాఠకుడే నొచ్చుకుంటాడు. మా ఇంట్లో మొదట యూనివర్సిటీ గేటు దాటింది మేమే. కాబట్టి ఈ అనుభవం మాకు కొత్త కాదు. బడిలో 'యాడికి పోతాండావు' అని రాస్తే అయ్యవారు ఎర్ర సిరాతో సున్నా చుట్టేవారు. జవాబు తప్పని కాదు, నోరు తప్పని.

లింకు ఈ గోడని కూల్చింది. దాని మేలుని తక్కువ చెయ్యకూడదు. క్రిస్ క్లైమస్ 2009లో విడుదల చేసిన 'ట్వైన్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక మాటకి ఇటు రెండు, అటు రెండు చదరపు బ్రాకెట్లు పెడితే అది లింకవుతుంది. ప్రోగ్రామింగ్ చదువుకోనక్కర లేదు. 2012లో అన్నా ఆంత్రొపీ అనే రచయిత్రి ఆటలు చేసే పని కంపెనీల చేతుల్లోంచి మామూలు మనుషుల చేతుల్లోకి రావాలని ఒక పుస్తకమే రాసింది. ఆ రోజుల్లోనే ఆటల పరిశ్రమ లోపలికి రానివ్వని ఆడవాళ్ళు, ట్రాన్స్ రచయితలు ట్వైన్ పట్టుకుని తమ బతుకు రాసుకున్నారు. వెంటనే పాతకాపులు ఇది ఆటేనా, ఊరికే నొక్కడమే గదా అన్నారు. ఈ గొంతు ఎక్కడో విన్నట్టు లేదూ? 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చిన రోజుల్లో ఇది కవిత్వమేనా, నినాదమా అని అడిగిన గొంతు ఇదే.

అయితే లింకు పరమ స్వేచ్ఛ అని మురిసిపోనక్కర లేదు. టైపు చేసే కథలో పాఠకుడు ఏదైనా అడిగి చూడొచ్చు, యంత్రం కాదంటే కాదంటుంది. లింకుల కథలో రచయిత రంగు వేసిన మాటని తప్ప ఇంకోదాన్ని అడగనే లేడు.

దీన్ని మేము పుస్తకాల్లో కాక ఏడు చేపల కథ దగ్గర నేర్చుకున్నాం. నంద్యాలలో ఒక ఆదివారం పదిమంది విద్యార్థులతో కూర్చుని ట్వైన్ నేర్చుకుంటూ మొదటి పాఠంగా ఈ కథనే ఎక్కించాం. ఇంత తేలిగ్గా లింకుల్లోకి ఒదిగే కథ తెలుగులో ఇంకొకటి లేదు. రాజుగారి ఏడుగురు కొడుకులు తెచ్చిన ఏడు చేపల్లో ఒకటి ఎండలేదు. చేపని అడిగితే గడ్డిమోపు మీద చెప్తుంది. గడ్డిమోపు ఆవు మీద, ఆవు మేపే పిల్లవాడి మీద, వాడు బువ్వ పెట్టని అవ్వ మీద, అవ్వ ఏడ్చిన పసిబిడ్డ మీద, బిడ్డ కుట్టిన చీమ మీద. ప్రతి జవాబులో చివరి మాట తర్వాతి ప్రశ్నకి లింకు. ట్వైన్‌లో ప్రతి మజిలీ ఒక పెట్టెలాగా కనిపిస్తుంది, పెట్టెకీ పెట్టెకీ మధ్య బాణం గీత. ఏడు పెట్టెలు, ఆరు బాణాలు, అన్నీ ఒకే దిక్కు.

తెర మీద అట్లా గీతలుగా చూసిన తర్వాతే మాకు ఒక సంగతి కనిపించింది. చిన్నప్పటి నుంచి విన్న కథే, ఎప్పుడూ ఆగి చూడలేదు. ప్రశ్న ఎప్పుడూ కిందికే పోతుంది. రాజకుమారుడు అడుగుతాడు, చేప మొదలుకొని చీమ దాకా సంజాయిషీ ఇచ్చుకుంటారు. మధ్యలో ఆవుని మేపే పిల్లవాడు నాకు బువ్వ పెట్టలేదు అంటాడు. కథలో అంత పెద్ద మాట ఇంకొకటి లేదు. ఆకలితో ఉన్న జీతగాడు పని చెయ్యలేదు, అంతే గదా సంగతి. కానీ లింకు అక్కడ ఆగదు. 'అవ్వ' అనే మాట మీద రంగు ఉంది కాబట్టి కథ అవ్వ దగ్గరికి పోతుంది. 'ఆకలి' అనే మాట మీద రంగు లేదు. ఒక అమ్మాయి మొదటి పెట్టె తెరిచి 'రాజుగారి' అనే మాటకి బ్రాకెట్లు పెట్టింది. ట్వైన్‌కి ఒక గుణం ఉంది. లేని మజిలీకి లింకు ఇస్తే ఆ పేరుతో ఖాళీ పెట్టె తనే పుట్టిస్తుంది. 'రాజు' అని ఒక ఖాళీ పెట్టె వచ్చి కూర్చుంది. అందులో ఏం రాయాలనే దాని మీద ఆ పూటంతా వాదులాట జరిగింది. ఇన్నేళ్ళ కథలో రాజుని ఎవరూ ఏమీ అడగలేదనే సంగతి ఆ ఖాళీ పెట్టె వల్ల బయటపడింది. సాఫ్ట్‌వేర్‌కి ఈ మేలు మాత్రం ఒప్పుకోవాలి.

బొమ్మ చూపించి కథ నడపడం మనవాళ్ళకి పాత విద్యే. డక్కలివారు పటం విప్పి మాదిగలకి జాంబపురాణం చెప్తారు. కథ పటం వెంట నడుస్తుంది. దాన్ని హైపర్‌టెక్స్ట్‌కి తాతని చేసి గొప్పలు పోవాలని మాకు లేదు. లింకు అనే ఊహ మనకి పరాయిది కాదని చెప్పడానికే ఈ మాట.

పరాయిది సాఫ్ట్‌వేర్ లోపలి లెక్క. తెలుగులో లింకు పెట్టబోతే ఏమవుతుందో చెప్తాం. ఇన్‌స్క్రిప్టు కీబోర్డులో చదరపు బ్రాకెట్ ఉండాల్సిన మీట నొక్కితే 'డ' పడుతుంది. అంటే ప్రతి లింకుకీ ఒకసారి ఇంగ్లీషులోకి పోయి బ్రాకెట్లు పెట్టి, తెలుగులోకి వచ్చి మాట రాసి, మళ్ళీ ఇంగ్లీషులోకి పోయి బ్రాకెట్లు ముయ్యాలి. ఫోనులో అయితే బ్రాకెట్ కోసం గుర్తుల పేజీలు తిప్పాలి. ఇది చిన్న ఇబ్బంది. పెద్దది వ్యాకరణం దగ్గర ఉంది. ఇంగ్లీషులో వస్తువు పేరు వాక్యంలో ఎక్కడున్నా మారదు, ముందు చిన్న మాట ఒకటి చేరుతుంది అంతే. తెలుగులో 'ఇల్లు' అనేది ఇంట్లో, ఇంటికి, ఇంటాయన అవుతుంది. ఊరు ఊళ్ళో అవుతుంది. వస్తువు పేరు కనిపించిన ప్రతిచోటా తనంతట తనే లింకు చేసే ఏర్పాట్లు ఇక్కడ చతికిలబడతాయి. ట్వైన్‌లో దీనికి మార్గం ఉంది. [[ఇంటికి->ఇల్లు]] అని రాస్తే పాఠకుడికి 'ఇంటికి' అని కనిపిస్తుంది, కథ 'ఇల్లు' అనే పెట్టెకి పోతుంది. కానీ పేరు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. 'ఊళ్ళో' అని ఒకచోట, 'ఊళ్లో' అని ఇంకోచోట రాస్తే మనకి రెండూ ఒకటే, యంత్రానికి రెండు ఊళ్ళు. 'కాలేజ్‌లో' అని రాసేటప్పుడు జకారం పొల్లు విడిగా నిలబడడానికి మధ్యలో కంటికి కనపడని అక్షరం ఒకటి పడుతుంది. ఒకచోట అది పడి ఇంకోచోట పడకపోతే లింకు తెగుతుంది, ఎందుకు తెగిందో ఎంత చూసినా తెలియదు. మా కుర్రవాడి కథలో ఇట్లా తెగినవి పదకొండు దొరికాయి. సాయంత్రమంతా వాటికే పోయింది.

ట్వైన్ బ్రౌజరులో వాడితే కథ ఆ బ్రౌజరు నిల్వలోనే ఉంటుంది, ఎవరైనా దాన్ని శుభ్రం చేస్తే కథ కూడా పోతుంది. సొంత కంప్యూటర్ లేనివాడి మొదటి ప్రతి అట్లాగే పోయింది. ఫైలుగా దాచుకోమని ముందే చెప్పకపోవడం మా పొరపాటు.

ఇన్‌ఫామ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంది. గ్రాహం నెల్సన్ 1993లో మొదలుపెట్టాడు, 2006లో వచ్చిన ఏడో రూపంలో ఇంగ్లీషు వాక్యాల్లాంటి వాటితోనే ప్రోగ్రాం రాస్తారు. ఇంగ్లీషు వాక్యం రానివాడికి అది ఇంకో గోడ. ఆ సంగతి అట్లా ఉంచితే దాని పాత యంత్రంలో లింకులకి చోటే లేదు. ఆండ్రూ ప్లాట్‌కిన్ 1999లో చేసిన గ్లల్క్స్ యంత్రంలో, దానితో పాటు నడిచే గ్లక్ ఏర్పాటులో లింకు వచ్చింది. అక్కడ లింకంటే ఒక నంబరు. మాట మొదట్లో నంబరు పెడతారు, చివర సున్నా పెడితే లింకు ముగుస్తుంది. నొక్కితే ఆ నంబరు ప్రోగ్రాముకి చేరుతుంది, ఆ నంబరుకి ఏ ఆజ్ఞో రచయిత పట్టికలో రాసి ఉంచాలి. పైగా ప్రోగ్రాం ముందుగా పాఠకుడు నొక్కవచ్చు అని అనుమతి అడిగి ఉండాలి. ఒక నొక్కుతో ఆ అనుమతి చెల్లిపోతుంది, మళ్ళీ అడగాలి. మరిచిపోతే లింకు రంగులో మెరుస్తూనే ఉంటుంది, ఎంత నొక్కినా పలకదు. ఇంకో చిక్కు, పాత వాక్యాలు తెర పైభాగంలో అట్లాగే ఉంటాయి. పరిస్థితి మారిన తర్వాత పాఠకుడు పైకి పోయి పాత లింకు నొక్కితే కథ తలకిందులవుతుంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళు దీన్ని లోపం అంటారు. మాకు మాత్రం గతం తెర మీద నిలిచి ఉండడం ఆసక్తిగా అనిపించింది. ట్వైన్‌లో మామూలుగా లింకు నొక్కగానే పాత పేజీ చెరిగిపోతుంది. మొదటి ట్వైన్‌లో 'జోనా' అనే పద్ధతి ఒకటి ఉండేది, అందులో పాతదాని కిందే కొత్తది చేరుతూ పోయేది. రూము కోసం పది గడపలు ఎక్కి దిగినవాడి కథలో పదకొండో గడప దగ్గర ముందటి పదీ కనిపించకుండా పోతే కథ బలం సగం పోయినట్టే. ఈ మాట చెప్పిన తర్వాత కుర్రవాడు రెండో ప్రతిలో గడపలన్నీ ఒకదాని కింద ఒకటి చేరేటట్టు మార్చాడు.

ఇక అసలు విషయానికి వస్తాం. షరతు మీద నడిచే లింకు. కథలో ఒక సంగతి జరిగి ఉంటేనే తెరుచుకునే దారి. ఇది లేకుండా నొక్కుడు కథ లేదు. మైకేల్ జాయిస్ 1987లో రాసిన 'ఆఫ్టర్‌నూన్' అనే కథ ఈ రంగంలో తొలి రచనల్లో ఒకటి. అందులో ఏ మాట లింకో గుర్తే ఉండదు. పాఠకుడు నొక్కి చూడాలి, కొన్ని మాటలు లొంగుతాయి, కొన్ని లొంగవు. అది రాసిన స్టోరీస్పేస్ అనే సాఫ్ట్‌వేర్‌లో షరతుని 'గార్డ్' అంటారు, అంటే కాపలా. పండితులు దీన్ని పాఠకుడి స్వేచ్ఛ అని మెచ్చుకున్నారు. ఏ గోడ ముట్టుకోవచ్చో, ఏ అరుగు మీద కూర్చోవచ్చో గుర్తు లేకుండా ముట్టి చూసి తెలుసుకోవాల్సిన ఊళ్ళో పెరిగినవాడికి అందులో స్వేచ్ఛ కనపడదు.

ట్వైన్, ఇంక్ వంటి ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో అలవాటు వేరు. షరతు నెరవేరకపోతే ఆ లింకు తెర మీదికే రాదు. మూడు దారుల్లో ఒకటి నీకు లేదంటే నీకు రెండే కనిపిస్తాయి. మూడోది ఉందని కూడా తెలియదు. సాఫ్ట్‌వేర్ వైపు నుంచి చూస్తే ఇది శుభ్రమైన పని. పనికిరాని లింకు పాఠకుడికెందుకు? కానీ కులం అట్లా పనిచెయ్యదు. బావి కనిపిస్తుంది. గుడి కనిపిస్తుంది. టు-లెట్ బోర్డు కనిపిస్తుంది, దాని కింద ఫోను నంబరు కూడా కనిపిస్తుంది. కనిపించి అందకపోవడమే మన అనుభవం. మూసిన తలుపుని గోడగా చూపించే అలవాటు సాఫ్ట్‌వేర్‌లో ముందే కూర్చుని ఉంది. దాన్ని మార్చుకోకుండా రాస్తే వివక్ష కథలో వివక్షే మాయమవుతుంది. ఇది మా ముఖ్యమైన ఫిర్యాదు.

అన్నీ ఇట్లాగే లేవు. ఛాయిస్‌స్క్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో కావాలంటే అందని దారిని మసక రంగులో చూపించవచ్చు. ట్వైన్‌లోనే జోయి క్విన్, ఇంకో ఇద్దరితో కలిసి 2013లో చేసిన 'డిప్రెషన్ క్వెస్ట్' దీన్ని కథ మధ్యలోకి తెచ్చింది. మానసిక కుంగుబాటుతో ఉన్న మనిషికి స్నేహితులతో పోయి సంతోషంగా గడుపు అనే దారి కనిపిస్తుంది, దాని మీద అడ్డంగా గీత కొట్టి ఉంటుంది, నొక్కడానికి రాదు. సంతోషంగా ఉండొచ్చు గదా అని సలహా ఇచ్చేవాళ్ళకి ఆ ఒక్క గీత చాలు.

మా కుర్రవాడు ఆ గీతనే అరువు తెచ్చుకున్నాడు. నంద్యాల 2022లో జిల్లా కేంద్రమైంది, అంతకు ముందు నుంచే బ్యాంకు కోచింగుల ఊరు. చుట్టుపక్కల పల్లెల నుంచి వందల మంది పిల్లలు వచ్చి రూములు వెతుక్కుంటారు. అతని కథలో ఇంటామె కులం అడగదు. అంత మొరటుగా ఎవరు అడుగుతారు ఇప్పుడు? ఏ ఊరప్పా అంటుంది. ఆళ్లగడ్డ దగ్గర అంటే ఊళ్ళో యాడ అంటుంది. ఆ ప్రశ్న దగ్గర మూడు లింకులు. గేరి పేరు చెప్పడం, బస్టాండు పక్కన అని దాటెయ్యడం, మాకు సేద్యం ఉండాది అనడం. మొదటిది నొక్కితే మోటారు చెడిపోయింది, నీళ్ళు రావు, వచ్చే నెల చూద్దాం అనే జవాబు వస్తుంది. రెండోది నొక్కితే మీరు నీసు తింటారా అనే ప్రశ్న. మూడోది నొక్కితే ఇంటిపేరు. ప్రతి గడప దగ్గరా 'రూము చూడు' అనే లింకు ముందు రంగులో ఉంటుంది, ఊరి ప్రశ్న తర్వాత దాని మీద గీత పడుతుంది. వెనక్కి పోయే బాణం కూడా అతను తీసేశాడు. ట్వైన్ కథల్లో ఆ బాణం మామూలుగా ఉంటుంది, చెప్పిన మాట వద్దనుకుంటే వెనక్కి పోయి ఇంకోటి చెప్పొచ్చు. గేరి పేరు ఒకసారి నోట్లోంచి వచ్చాక వెనక్కి ఎట్లా పోతుంది అన్నాడు. మాతో చదివిన ఒక మాస్టారు బాణం లేకపోతే విసుగు పుడుతుందన్నాడు. విసుగు పుట్టాలనే తీశానని కుర్రవాడి జవాబు. ఈ పట్టుదల మాకు నచ్చింది.

ఒక విద్యార్థిని వేరే లోపం పట్టుకుంది. ఈ కథలో నేను మొదటి పేజీ కూడా దాటలేను అంది. ఒంటరి ఆడపిల్ల గేటు దగ్గర నిలబడితే ఊరు అడగరు, మీ నాయన రాలేదా అని అడుగుతారు అంది. రచయిత దగ్గర దీనికి జవాబు లేదు, మా దగ్గరా లేదు. ఆ కథ ఆమే రాయాలి.

మాకున్న పేచీ గీత గురించి. 'డిప్రెషన్ క్వెస్ట్'లో దారిని మూసేది జబ్బు. గీత ఎవరు గీశారని అక్కడ అడగనక్కర లేదు. రూము కథలో గీత దానంతట అది పడదు. ఒక మనిషి గీస్తుంది. మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి, ఊరు అడిగి, ఆ జవాబు విని, లోపలికి ఒకసారి చూసి గీస్తుంది. కథలో మాత్రం గీత యంత్రం గీసినట్టు పడుతుంది. లింకులన్నీ కుర్రవాడి చేతిలోనే ఉన్నాయి. నిజం చెప్పాలా, దాటెయ్యాలా, అబద్ధం చెప్పాలా అని ఎంచుకోవాల్సింది ఎప్పుడూ అతనే. పది గడపల తర్వాత పాఠకుడికి ఏమనిపిస్తుంది? ఇంకో మాట చెప్పి ఉంటే రూము దొరికేదేమో అనిపిస్తుంది. అంటే తప్పు నొక్కినవాడిదవుతుంది. ఏడు చేపల కథలో ప్రశ్న కిందికే పోయినట్టు ఇక్కడ ఎంపిక కిందికే వచ్చి పడింది.

అంబేద్కర్ బరోడా అనుభవాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 'వెయిటింగ్ ఫర్ ఏ వీసా'లో ఆయన రాసుకున్నారు. విదేశాల్లో చదివి వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి పోతే ఉండడానికి చోటు లేదు. పార్శీల సత్రంలో పార్శీ పేరు రాయించి దిగారు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని పార్శీలు గుంపుగా వచ్చి ఖాళీ చెయ్యమన్నారు. చోటిమ్మని అడిగితే ఒక హిందూ మిత్రుడు, ఒక క్రైస్తవ మిత్రుడు ఇద్దరూ తప్పుకున్నారు. దీన్ని నొక్కుడు కథగా రాస్తే మామూలు సాఫ్ట్‌వేర్ అలవాటు ప్రకారం లింకు సత్రం రిజిస్టరు దగ్గర పడుతుంది. అసలు పేరా, పార్శీ పేరా? కానీ అంబేద్కర్ రాసినదాంట్లో బరువంతా అక్కడ లేదు. కర్రలు పట్టుకొచ్చినవాళ్ళ ప్రశ్నల్లో ఉంది, పనివాళ్ళు మానేస్తారని సాకు చెప్పిన మిత్రుడి నోట్లో ఉంది. తలుపు మూసే మనుషులు మాట్లాడతారు ఆయన రచనలో. వాళ్ళ సాకులు వాళ్ళ నోటితోనే వినిపిస్తాయి.

కాబట్టి కుర్రవాడికి మేము చెప్పింది ఇది. ఒక గడప దగ్గరైనా లింకు ఇంటామె చేతిలో పెట్టు. పాఠకుడు ఆమె అయి నిలబడాలి. 'ఊళ్ళో యాడ' అనే ప్రశ్న అడగడమా మానడమా అనేది అక్కడ రంగులో కనిపించాలి. నొక్కిన వేలు పాఠకుడిదే అవుతుంది. అప్పుడు మోటారు చెడిపోయిందనే సాకు ఎవరిదో తెలుస్తుంది.

అతను ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే గాక కోపం తెచ్చుకున్నాడు. ఇరవై మూడేళ్ళుగా వాళ్ళ మనసులో ఏముందో ఊహించుకుంటూనే బతుకుతాండాం సార్, అరుగు కింద నిలబడి మొహం చూసి కనిపెట్టడమే మా పని, కథలో కూడా ఆమె లోపలికి నేను పోవాల్నా అన్నాడు. నా కథలో ఆమెకి లోపల లేదు, నాకు కనిపించింది గేటే అన్నాడు. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఇప్పటికీ పూర్తిగా చెప్పలేం. పై కులం రచయితలు మన లోపలికి చొరబడి రాసిన కథలకి మనం పెట్టిన అభ్యంతరాన్నే అతను తిప్పి మనకి పెడుతున్నాడు. అయితే అక్కడ చొరబడింది బలమున్నవాడు, ఇక్కడ పోవాల్సింది బలం లేనివాడు, రెండూ ఒకటి కావని మా అభిప్రాయం. అతని అభిప్రాయం వేరు.

దసరా సెలవులకి ఊరికి పోయినప్పుడు అతను తన అక్కకి ఫోనులో కథ చూపించాడు. ఆమె పదో తరగతి దాకా చదివింది, ఆళ్లగడ్డలో బట్టల షాపులో పని చేస్తుంది. తిరిగి వచ్చాక మాకు చెప్పాడు. గీత కొట్టిన 'రూము చూడు' మీద ఆమె మూడుసార్లు నొక్కిందట. కదల్లేదు. ఫోను చెడిపోయిందా అని అడిగిందట. కాదు, అది అట్లాగే ఉంటాదిలే అంటే కాసేపు చూసి, మరి ఆ ఇంటామె లోపలికి పోయి మొగునితో ఏమనిందో రాయలేదేమిరా అని అడిగిందట.

మేము అడిగినప్పుడు కోప్పడినవాడు అక్క అడిగితే కోప్పడలేదు. 'ఇంటామె' అనే మాటకి బ్రాకెట్లు పెట్టాడు. పెట్టె వచ్చింది. మొన్న మాకు చూపించినప్పటికి అందులో ఇంకా ఏమీ రాయలేదు.